వచ్చే షిఫ్టుకు సద్ది

గని కాలనీ, ఘుగ్గుస్ రోడ్డు,
చంద్రపూర్,
8 మే 1994

చిరంజీవి జయప్రకాశ్‌కు, మరదలు గీతికకు, బుజ్జి శ్రేయస్‌కు అక్క కమలాక్షి దీవెనలు.

ఇక్కడ నేను, నీ మేనకోడలు హరిణి, నెత్తి మాడ్చే ఎండ, తీగ మీద ఆరేసిన బట్టల నిండా బొగ్గు దుమ్ము, అందరం క్షేమం. మీ క్షేమం నువ్వు రాయలేదు. రెండు పేజీల ఉత్తరంలో శ్రేయస్‌కు పళ్లొచ్చాయో లేదో ఒక్క ముక్క లేదు, అంతా ఆఫీసే. పెళ్లిచూపులకు పోయి పిల్ల పేరు అడగడం మరిచిపోయి, వాళ్ల ఊళ్లో కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో కనుక్కొని వచ్చినవాడివి. నీ దగ్గర ఇంతకంటే ఏం ఆశిస్తాను.

నువ్వు అడిగింది మాత్రం నాకు నచ్చింది. హెడ్డాఫీసులో కూర్చుని ఈ పనితీరు ఒప్పందం తయారుచేసిన వాళ్లలో నువ్వూ ఒకడివి. అది మా గనిలో మొదలై నెల దాటింది. పనివాళ్లలో ఉత్సాహం పెరిగిందా అని మీరు అన్ని గనులనూ అడిగితే, అందరూ పెరిగిందనే రాశారట. నీకు నమ్మకం కుదరక, కళ్లతో చూసింది రాయమని నన్ను అడిగావు. రాస్తాను. ఒక్క మాట, నా పేరు ఎక్కడా రానివ్వకు. మీ బావ కామెర్లతో పోయాక కంపెనీ ఇచ్చిన ఉద్యోగం ఇది. ఈ క్వార్టరు, హరిణి చదువు దీనిమీదే ఆధారపడి ఉన్నాయి.

నేను కూర్చునే చోటు నువ్వు చూడలేదు కదా. మాది పైనుంచి తవ్వుకుంటూ పోయే గని. అడుగున షావెల్ బొగ్గు ఎత్తి డంపర్లో పోస్తే, ఆ డంపర్ పక్కనున్న కొండ లాంటి గట్టును చుట్టి వాలు దారిలో పైకి వస్తుంది. ఆ దారి పైకొసన నా క్యాబిన్. నా డ్యూటీ మొదటి షిఫ్టు మధ్య నుంచి రెండో షిఫ్టు మధ్య దాకా. వచ్చిన ప్రతి డంపర్‌కూ ఒక ట్రిప్పు రాయడం, పేలుడు పెట్టబోతున్నామని బ్లాస్టింగ్ ఆఫీసరు ఫోన్ చేస్తే సైరన్ మీట నొక్కడం నా పని. సైరన్ మోగితే ఎంత పెద్ద సారైనా బండి ఆపి పైకి రావాల్సిందే. మళ్లీ నేను రెండో సైరన్ ఇచ్చేదాకా ఒక్కరూ కిందికి దిగకూడదు. నువ్వు నవ్వకు, గనిలో అంత అధికారం మేనేజరుకు కూడా లేదు.

మీ కాగితాన్ని ఇక్కడ తెలుగువాళ్లూ మరాఠీవాళ్లూ కరారు అంటారు. సర్కారుతో కంపెనీకి ఒక కరారు, కంపెనీతో గనికి ఒకటి, గనితో ఒక్కో షిఫ్టుకు ఒకటి. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. ఎక్సలెంట్ నుంచి పూర్ దాకా అయిదు మెట్లు, ఏ షిఫ్టు ఏ మెట్టు మీద ఉందో రోజూ సుద్దతో రాస్తారు. ఉన్నమాట చెప్పాలంటే మొదట్లో నాకూ ముచ్చటేసింది. నెలల తరబడి రాని టైర్లు వారంలో వచ్చాయి, ఎందుకంటే ఆలస్యమైతే స్టోర్సు వాళ్లకూ మార్కులు పోతాయి. పెళ్లిళ్ల పేరు చెప్పి ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లు కుదురుగా డ్యూటీకి వస్తున్నారు. మొదటి షిఫ్టు ఫోర్మన్ రామకిషన్ బోర్డు మీద తన షిఫ్టు పేరు పైకెక్కిన రోజు గేటు దగ్గర అందరికీ పేడాలు పంచాడు. నా మరిది మల్లేశం రెండో షిఫ్టులో డంపర్ నడుపుతాడు కదా, వాడు బండిని రోజూ కడిగి ముందు బంతిపూల దండ కడుతున్నాడు. కనుక పెరిగింది తమ్ముడూ, ఉత్సాహం పెరిగింది.

కానీ రెండు సంగతులు నాకు మింగుడుపడలేదు. అడుగున నీళ్లు తోడే పంపు నడిపేది పోశం, దాన్ని బిడ్డలా చూసుకునే మనిషి. మొన్న కాగితం తెచ్చి నాతో చదివించుకున్నాడు. అంతా విని, "గీ కరారుల నా పని ఏడుంది కమలక్కా?" అని అడిగాడు. వెతికాను. డంపర్ ట్రిప్పు ఉంది, షావెల్ గంటలు ఉన్నాయి, పంపు లేదు. "అయితే నేను పనిజేసినా జెయ్యకున్నా ఒక్కటే అన్నట్టు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయాడు. కోపంగా అని ఉంటే నాకు ఇంత గుచ్చుకునేది కాదు.

రెండోది సద్ది. మీ పుస్తకాల్లో ఉండదు, విను. దిగిపోయే షిఫ్టు, వచ్చే షిఫ్టు కోసం పగలగొట్టిన బొగ్గు కొంత కుప్పగా వదిలి, దారి చదును చేసి, దారి అంచున మట్టికట్ట సరిచూసి పోవాలి. వచ్చినవాడు ఉత్త చేతులతో పని మొదలుపెట్టకూడదని. ప్రయాణానికి కట్టిచ్చే అన్నంలాగా దాన్ని మనవాళ్లు సద్ది అంటారు, మరాఠీవాళ్లు శిదోరి అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఏ ఆర్డరులోనూ లేదు. నిన్న మొదటిసారి రామకిషన్ షిఫ్టు కుప్పనంతా ఎత్తేసుకొని, ఊడ్చిన నేల వదిలి పోయింది. ట్రిప్పులు వాళ్ల ఖాతాలో పడ్డాయి. ఆ ట్రిప్పులు రాసింది నేనే.

శ్రేయస్ పళ్ల సంగతి రాయి.

నీ అక్క,
కమలాక్షి


గని కాలనీ,
17 జూలై 1994

చిరంజీవి జయప్రకాశ్‌కు దీవెనలు. గీతికకు జ్వరం తగ్గిందని విని కుదుటపడ్డాను.

నీ జవాబు చదివి నాకు ఒళ్లు మండింది, అది దాచుకోను. మొదటి ఏడాది ఇలాంటి చిన్న సర్దుబాట్లు మామూలే అన్నావు. పోటీ ఉంటేనే మనిషి కదులుతాడన్నావు. తమ్ముడూ, కదులుతున్నారు. ఎటు కదులుతున్నారో చెబుతాను.

రామకిషన్ సద్ది ఎగ్గొట్టాక రెండో షిఫ్టు వాళ్లు ఊరుకుంటారా. వాళ్ల ఇన్‌ఛార్జి వాన్‌ఖెడే సాహెబ్ మంచివాడే, మాట మెత్తన. ఆయన కూడా పళ్లు బిగబట్టి, దారి చదును చేసే గ్రేడర్‌ను ఆపేసి ఆ డ్రైవర్‌ను డంపర్ ఎక్కించాడు. చదును చేస్తే ట్రిప్పు రాదు కదా. మూడో షిఫ్టు వాళ్లు షావెల్‌కు గ్రీజు పెట్టడం మానేశారు. తెల్లారి వచ్చేవాడు పెట్టుకుంటాడట. "గాళ్లు మనకు రోడ్డు సాపుజేసి పోతున్నరా, మనమెందుకు సద్ది పెట్టాలె" అని మూడు షిఫ్టులూ ఒకే మాట. గేటు దగ్గర ఇదివరకు ఒకరి బీడీ ఒకరు ముట్టించుకునేవాళ్లు. ఇప్పుడు తలలు తిప్పుకొని పోతున్నారు. బోర్డు మీద మాత్రం అందరూ పై మెట్టుకు ఎగబాకుతున్నారు. నీ రిపోర్టుకు కావలసినంత ఉత్సాహం.

ఇంతలో వానలు పట్టాయి. మా నల్లమట్టి నీకు తెలుసు, తడిస్తే సబ్బు. వాలు దారి మలుపు దగ్గర ఒక పక్క గట్టు, ఇంకో పక్క గని అడుగుదాకా ఖాళీ. ఆ ఖాళీ వైపు ఉండేదే మట్టికట్ట. బండి జారినా చక్రం దానికి తగిలి ఆగాలి. కట్ట ప్రతి వానకూ కొంత కరిగిపోతుంది, ప్రతి షిఫ్టూ కొంత మట్టి తోసి నిలబెట్టేది. ఇప్పుడు ఎవరూ తోయడం లేదు. మలుపు దగ్గర కట్ట మోకాలెత్తు కూడా లేదు. పోశం పంపు వేస్తే వేస్తున్నాడు, లేకపోతే లేదు. నీళ్లు దారి మొదట్లోకే వచ్చి నిలుస్తున్నాయి.

మొన్న మల్లేశం బండి ఆ మలుపులో వెనక నుంచి పక్కకు జారింది. నా కిటికీలోంచి చూశాను. పైకి వచ్చాక, నెమ్మదిగా నడపరా, ట్రిప్పులు తగ్గితే తగ్గుతాయి అన్నాను. "ఏంగాదు తీ వదినె. నేనొక్కన్ని తక్కువేస్తే షిఫ్టంత నన్నే అంటది" అన్నాడు. బంతిపూల దండ ఎప్పుడో మానేశాడు. సాయంత్రం మల్లేశం పెళ్లాం ఐలమ్మ వచ్చి నా వంటింటి గడపలో కూర్చుంది. మొగుడు నిద్రలో స్టీరింగు తిప్పుతున్నాడని చెప్పి, "నువ్వు పెద్దదానివి, ఆఫీసోళ్లకు జెప్పక్కా" అని నా చెయ్యి పట్టుకుంది. మీ బావ పోయిన ఏడాది నాకు బువ్వ వండిపెట్టింది ఆ పిల్లే.

మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. డ్రాయరులోంచి కరారు తీసి నా ముందు పెట్టి, మట్టికట్టకు మార్కులు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. రక్షణ కింద ఒకే ఒక్క లైను ఉంది, ఏడాదిలో ఒకసారి ఉత్తుత్తి సైరన్ మోగించి అందరినీ పైకి రప్పించే మాక్ డ్రిల్ జరపాలని. అది జరిపితే మార్కులు, కట్ట కడితే లేవు. మట్టి తోసే డోజర్‌ను కట్ట మీదికి పంపితే ఆ పూట ట్రిప్పులు పడిపోతాయి, పైనుంచి ఫోన్ వస్తుంది. ఫోన్ వచ్చేది మీ ఆఫీసు నుంచే.

కనుక నిన్ను అడుగుతున్నాను. ఆ కాగితంలో ఒక్క లైను కలిపించు. దారి బాగుంచిన షిఫ్టుకు ఇన్ని మార్కులని. ఏడాది మధ్యలో మార్చడం కుదరదని మాత్రం రాయకు. వాన కూడా ఏడాది మధ్యలోనే పడుతుంది.

నీ అక్క,
కమలాక్షి


గని కాలనీ,
23 అక్టోబర్ 1994

చిరంజీవి జయప్రకాశ్‌కు, గీతికకు, శ్రేయస్‌కు అక్క దీవెనలు. దసరాకు మీరు పంపిన చీర అందింది. రంగు గీతిక ఎంపిక అని చూడగానే తెలిసింది, నువ్వైతే ఫైలు అట్ట రంగు తెచ్చేవాడివి.

ఇన్నాళ్లు ఉత్తరం రాయనందుకు కోపం వచ్చిందని రాశావు. నాకూ వచ్చింది. ఏడాది మధ్యలో మార్చడం కుదరదని నువ్వు అచ్చం ఆ మాటే రాశావు. సరే, అదంతా వదిలెయ్. ఆర్నెల్ల మార్కుల్లో మా గని ఎక్సలెంట్ అయిందనీ, వచ్చే నెల షీల్డు ఇవ్వడానికి నువ్వే వస్తున్నావనీ తెలిసి కాలనీ అంతా సంబరంగా ఉంది. వెరీ గుడ్ దగ్గర ఆగాల్సిన గనిని ఎక్సలెంట్‌కు ఎత్తింది ఆగస్టులో జరిగిన మాక్ డ్రిల్ మార్కులేనని రాశావు. వచ్చే ఏప్రిల్ నుంచి ఇదే కరారు మిగతా గనులన్నిటికీ పెట్టమని నువ్వు రిపోర్టు రాస్తున్నావు, అందులో పనివాళ్ల ఉత్సాహం మీద నా మాటల్లో ఒక పేరా కావాలి. రాస్తాను.

ఆ ఆగస్టు రోజు తెల్లవారిందగ్గర్నుంచి వాన. మొదటి షిఫ్టు దిగి రెండో షిఫ్టు ఎక్కే వేళకు సైరన్ మోగింది. రికార్డులో రాసినట్టు అది మాక్ డ్రిల్. నియమం ప్రకారం అన్ని బండ్లూ ఆగిపోయాయి. కిందివాళ్లంతా పైకి వచ్చారు. ఇంటికి పోవాల్సిన మొదటి షిఫ్టూ, పనిలోకి దిగిన రెండో షిఫ్టూ నా క్యాబిన్ ముందు రేకుల షెడ్డు కింద ఒకచోట ఇరుక్కొని నిలబడ్డారు. మే నెల నుంచి మాటల్లేని మనుషులు. మొదట ఎవరి మూల వాళ్లది. రెండో సైరన్ ఎంతకీ రాలేదు.

నిలబడి నిలబడి అందరూ చూడగలిగింది ఒక్కటే, ఎదురుగా ఉన్న వాలు దారి. పని చేస్తున్నప్పుడు ఎవరి బండి వాళ్లది, ఎవరి ట్రిప్పు వాళ్లది. ఇప్పుడు ఖాళీగా నిలబడి చూస్తే మలుపు దగ్గర కట్ట లేనే లేదు. చాలాసేపటికి రామకిషన్, "గిట్లుంటె నేను గూడ బండి నడప" అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు. పక్కనున్న మల్లేశం బీడీ తీసి ఇచ్చాడు. ఆ తర్వాత ఎవరు ముందు కదిలారో చెప్పలేను. డ్యూటీ అయిపోయిన రామకిషన్ తానే గ్రేడర్ ఎక్కాడు. దిగువకు పోకుండా, దారి పైనుంచి మలుపు దాకా డోజర్‌తో మట్టి తోశారు. మలుపు దగ్గర డోజర్ ఇంకా అంచుకు చేరకముందే అక్కడి నేల ఒక డంపర్ పట్టేంత ముక్క విరిగి దానంతటదే కిందికి పోయింది. అందరూ చూశారు. డోజర్ వెనక్కి తీసి, దారిని గట్టు వైపుకు జరిపి, కొత్త అంచున నడుమెత్తు కట్ట నిలబెట్టారు. పోశం రెండో సైరన్ కోసం ఆగకుండా ఎప్పుడు పోయాడో పోయి పంపు మొదలుపెట్టాడు. చీకటి పడే ముందు రెండో సైరన్ అయ్యాక రెండో షిఫ్టు పని మొదలైంది. ఆ రాత్రి వాళ్లు దిగిపోతూ మూడో షిఫ్టుకు కుప్ప వదిలి పోయారు. అప్పటినుంచి ఇవాళ్టిదాకా సద్ది ఆగలేదు. బోర్డు మీద మాత్రం మూడు షిఫ్టులూ ఒక మెట్టు దిగాయి. సుద్దతో రాసేటప్పుడు ఎవరూ అటు చూడడం లేదు.

నువ్వు అడిగిన ఉత్సాహం ఈ ఏడాది నేను చూసింది ఆ సాయంత్రమే. ఆ పనికి ఎవరికీ ఒక్క మార్కూ రాలేదు, డ్రిల్‌కు వచ్చాయి. ఇది నీ పేరాకు సరిపోతుందో లేదో నువ్వే చూసుకో.

ఐలమ్మ నీకోసం కారప్పూస చేస్తానంది. స్టేషనుకు మల్లేశం వస్తాడు.

నీ అక్క,
కమలాక్షి

మరొక మాట. పై పేజీలు మడిచి కవరులో పెట్టాక చెయ్యి ఆడలేదు, మళ్లీ తీశాను. హరిణికి మరాఠీ తప్ప తెలుగు చదవడం రాదు కాబట్టి బల్ల మీద పరిచి రాయగలుగుతున్నాను.

ఆ రోజు డ్రిల్ లేదు, పేలుడూ లేదు. ఏ ఆఫీసరూ నాకు ఫోన్ చేయలేదు. సైరన్ మోగించింది నేను.

మల్లేశం నిండు బండితో పైకి వస్తుంటే మలుపులో వెనక చక్రం అంచు దాటి గాలిలో తిరగడం చూశాను. ఎలా లాగాడో లాగి పైకి వచ్చాడు. నా కిటికీ దగ్గర ఆగి, ట్రిప్పు రాసుకొమ్మని వేలు చూపించాడు. బండి ఖాళీ చేసి మళ్లీ దిగడానికి తిప్పాడు. వాడి వెనక మిగతావాళ్లు వరసగా ఉన్నారు. మేనేజరుకు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే ఇవాళ ట్రిప్పులు తక్కువేమిటని అడిగాడు. ఫోన్ పెట్టేసి మీట నొక్కాను.

వాన్‌ఖెడే సాహెబ్ తడిసి ముద్దై క్యాబిన్‌లోకి వచ్చాడు. బ్లాస్టింగ్ లేదని ఆయనకు తెలుసు. నొక్కింది నేనేనని చెప్పాను. కట్ట లేచేదాకా రెండో సైరన్ ఇవ్వను, ఇప్పుడే నన్ను పట్టించినా సరే అన్నాను. ఆయన కిటికీలోంచి ఆ దారిని చూశాడు. ఇంకాసేపు ఉండనివ్వమని మరాఠీలో మెల్లగా చెప్పి, బయటికి పోయి మనుషులతో బ్లాస్టింగ్ ఆలస్యమవుతోందని అన్నాడు. వాళ్లు నమ్మారో లేదో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు మేనేజరు దాన్ని మాక్ డ్రిల్‌గా రాశాడు. అలా రాస్తే నా ఉద్యోగం నిలుస్తుంది, గనికి మార్కులూ వస్తాయన్నాడు. అబద్ధపు సైరన్‌కు శిక్ష ఏమిటో నీకు తెలుసు. సాక్షిగా నేనూ సంతకం పెట్టాను. అది మమ్మల్నందరినీ కాపాడుతుందనుకున్నాను. ఇప్పుడు ఆ సంతకం చూసి, మీ కరారు వల్ల రక్షణ పెరిగిందని నువ్వు రాయబోతున్నావు. ఏప్రిల్‌లో అది అన్ని గనులకూ పోతుంది, జూన్‌లో వాన పడుతుంది. అక్కడ కూడా ఎవరో ఒక మల్లేశం ఉంటాడు.

ఈ ఆఖరి కాగితం చింపేస్తే మాకు షీల్డు వస్తుంది, నా ఉద్యోగం ఉంటుంది. ఫైల్లో పెడితే షీల్డు పోతుంది, నన్ను తీసేస్తే క్వార్టరు ఖాళీ చేయాలి. హరిణి ఈ ఏడు పదో తరగతి. నాకు భయంగా ఉంది తమ్ముడూ, లేదని అనను. మేనేజరు మాట, వాన్‌ఖెడే మాట నువ్వు ఎక్కడా ఎత్తకు, అది వాళ్లు చెప్పుకోవాల్సింది. వాళ్ల మాటలున్న చోట కొట్టేసి, నా సంగతి మాత్రం ఫైల్లో పెట్టు. నా పేరు రానివ్వవద్దని మే నెలలో అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అందుకే దీని కింద అక్క అని రాయడం లేదు.

పి. కమలాక్షి,
ట్రిప్ క్లర్కు